గలో బొమ్మకు నాలుగో తల

డిసెంబరు ముప్పై ఒకటిన పొద్దున్నే లేచిన గలో బజాన్యా పెట్టుకున్న పనులు ముచ్చటగా మూడే. పెరట్లో నిలబెట్టిన బొమ్మకు తల అతికించాలి. కనుబొమ్మలకు చివరి రంగు వేయాలి. ఉల్లిపాయలు దండిగా వేసిన చేపల పులుసు ఒక గిన్నెడు తాగి, న్యాయనిర్ణేత వచ్చేదాకా వల ఉయ్యాలలో గుర్రుపెట్టి నిద్రపోవాలి. పెళ్లాం మారియుక్సి లేవకముందే మొదటిది ముగిస్తే మిగతా రెండూ వాటంతటవే అయిపోతాయని అతని ఆశ.

గ్వయాకిల్‌లో ఆ రోజు ప్రతి వీధికీ ఒక కాగితపు మనిషి ఉంటాడు. వెళ్లిపోతున్న ఏడాది వాడే. అర్ధరాత్రి వాడికి నిప్పంటిస్తే ఆ ఏటి పీడంతా వాడితోపాటే పోతుంది. అలాంటి బొమ్మల్ని చేయడంలో గలో చేయి తిరిగినవాడు. సన్నకర్రలూ, కాగితపు గుజ్జూ, మైదా జిగురూ చేతిలో పెడితే మేడ ఎత్తున ఎవరినైనా నిలబెట్టగలడు. పాతికేళ్లుగా నిలబెడుతూనే ఉన్నాడు, తెల్లారేసరికి చీపురుతో ఊడుస్తూనే ఉన్నాడు. బూడిదలో పోసిన పన్నీరని జనం మాటవరసకు అంటారు గానీ గలోకి అదే వృత్తి. తన చేతి పనిలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మంట తప్పించుకుని మిగిలితే చూసుకుని మురిసిపోవాలని అతనికి ఎన్నాళ్లనుంచో కోరిక.

ఆ కోరిక తీరే దారి ఈ ఏడు దొరికింది. పేట కమిటీవాళ్లు పోటీ పెట్టారు. వీధివీధీ తన బొమ్మగా కథల్లోని విలన్‌నే చేయాలి. ఆ విలన్లంతా ఒకచోట చేరి కొట్టుకుంటే ఆఖరికి ఎవరు నిలబడతారని న్యాయనిర్ణేతకు తోస్తుందో ఆ బొమ్మను కాల్చరు. కమిటీ హాల్లో కలకాలం ఉంచుతారు. న్యాయనిర్ణేతగా కార్బో మాస్టారు, అంటే బుర్రమీసాల పెద్దాయన, మధ్యాహ్నం వస్తారని చాలా రోజుల కిందటే కబురు అందింది.

చిక్కల్లా ఒక్కటే. బొమ్మకు మెడ ఒకటి, తలలు మూడు.

తప్పు గలోదే. కాదనడం అతనికి పుట్టుకతోనే రాలేదు. మారియుక్సి తన సీరియల్లోని అమాపోలా కావాలంది. ముగ్గురు మొగుళ్లను పెదవి మీది చిరునవ్వు చెదరకుండా కాటికి సాగనంపిన ఇల్లాలు ఆవిడ. గలో సరే అన్నాడు. బావమరిది డార్విన్ బొమ్మల పుస్తకంలోని ఉప్పుసేనానిని చేయమన్నాడు. ఏడు సముద్రాల్నీ ఒక్క గుక్కలో తాగి ఓడలన్నిటినీ ఇసుకలో కూలబెట్టిన దైత్యుడు వాడు. దానికీ సరే అన్నాడు. మామగారు దోన్ తియోఫిలో తన చిన్నప్పటి రేడియో నాటకంలోని నల్లకోటు నోటరీని అడిగాడు. ఎవరినీ వేలితో ముట్టకుండా ఊళ్లకు ఊళ్లు సంతకంతో మింగిన పెద్దమనిషి. మామగారికి కాదని ఎలా చెబుతాడు? ముగ్గురికీ మూడు తలలు చేసి, "నీదే పెడతాను, ఎవరికీ చెప్పకు" అని ఎవరికి వాళ్లకు చాటుగా మాటిచ్చాడు. ముగ్గురూ మాట నిలబెట్టుకున్నారు. ఎవరికీ చెప్పకుండా, ఎవరి తలను వాళ్లు చంకన పెట్టుకుని, ఆ పొద్దున ఒకేసారి పెరట్లోకి వచ్చారు.

"ఏమయ్యా, ఏంటిది?" అంది మారియుక్సి, ముందు తమ్ముడి చంకలోకీ తర్వాత తండ్రి చంకలోకీ చూసి.

గలో జిగురు గిన్నె కింద పెట్టాడు. "మీరే తేల్చుకోండి. ముగ్గురూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారో వాళ్ల తలే పెడతాను. మాస్టారు చూసేదీ అదే కదా!"

ఇది అతను చేసిన రెండో తప్పు.

"ఇందులో తేల్చేదేముంది?" అన్నాడు డార్విన్. "మా సేనాని ఒక్క గుక్క వేశాడంటే మీవాళ్లిద్దరూ వాడి కడుపులో ఈతకొట్టాల్సిందే."

"రమ్మనరా, రమ్మను. మా అమాపోలా గుమ్మంలో నిలబడి, 'అయ్యో, ఎండన పడి వచ్చావు నాయనా, కాస్త కాఫీ తాగు' అంటుంది. సముద్రాలు తాగినవాడు కప్పు కాఫీ వద్దంటాడా?"

"వాడికి విషం ఎక్కదక్కా! తిమింగలాలనే అరాయించుకున్నాడు."

"విషమని ఎవరన్నారు? ముందు పెళ్లి చేసుకుంటుంది. తక్కిన సంగతి నిదానంగా చూసుకుంటుంది."

దోన్ తియోఫిలో గొంతు సవరించుకున్నాడు. "పెళ్లంటే కాగితాలు కావాలి. కాగితాలంటే మా నోటరీ దగ్గరికి రావాలి. ఆయన కొట్టడు, తిట్టడు. 'కూర్చోండి' అంటాడు. అంతే. మీవాళ్లు లేచేసరికి ఏడు సముద్రాలూ, ఆవిడ మేడా, ఆ కాఫీ కప్పుతో సహా ఆయన పేర ఉంటాయి."

"ఆయన మొహం ఎవరైనా చూశారా నాన్నా? రేడియో మనిషికి తలెందుకు?"

"అదేనే ఆయన గొప్ప. కిర్రుచెప్పుల చప్పుడు వినబడితే చాలు, వంటింట్లో మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయేది. మీ అమాపోలా కోసం ఎవరి గరిటైనా ఆగిందా?"

గలో నోరు తెరుచుకుని విన్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ముగ్గురూ ప్రాణమే. హీరోల మొహాలన్నీ ఒకే అచ్చులో పోసెయ్యొచ్చు, విలన్ మొహం చేయాలంటేనే చేసేవాడికి పనితనం కావాలన్నది అతని నమ్మకం. పని దొంగలైన విలన్లు ఎక్కడా ఉండరు, తెల్లవారుజామున లేచి కుట్ర మొదలుపెట్టేది వాళ్లే కదా అని అందరితోనూ వాదించేవాడు. అంత ఇష్టమున్నవాడు ఎవరి పక్షం చేరతాడు? ఎండ నడినెత్తికొచ్చింది, పులుసు చల్లారిపోయింది, బొమ్మ మొండెంగానే నిలబడి ఉంది.

అప్పుడు డార్విన్ వీధిలోకి తొంగిచూసి వచ్చాడు. "బావా, విధవలు బయల్దేరారు. జాగ్రత్త!"

ఆ ఊళ్లో ఆ రోజు విధవలంటే మగవాళ్లే. చచ్చిపోతున్న ఏడాదికి పెళ్లాలమంటూ నల్లగౌను తొడుక్కుని, సవరాలు పెట్టుకుని, గుండెల దగ్గర బుడగలు దోపుకుని, "మా ఆయన పోతున్నాడమ్మో" అని శోకాలు తీస్తూ కార్లకు అడ్డంపడి చిల్లర అడుగుతారు. అదంతా సరదాయే. కానీ నిరుడు పక్కవీధి బొమ్మలవాడు అబ్దోన్ పంపిన విధవ ఒకడు గలో బొమ్మను కావలించుకుని మరీ ఏడ్చాడు. వాడు దోపుకున్నవి బుడగలు కావు, నీళ్లు పీల్చిన స్పాంజీలు. బొమ్మ నడుం దగ్గర మెత్తబడి, అందరూ చూస్తుండగా కూలబడింది. ఆ సంగతి తలుచుకుంటే గలోకి ఇప్పటికీ అన్నం సహించదు.

మాట ముగిసిందో లేదో గుమ్మంలో ఒక విధవ నిలబడి ఉంది. మెడదాకా గుండీలు పెట్టిన నల్లగౌను, నల్ల మేజోళ్లు, నల్ల గొడుగు, బిగించి ముడిచిన తెల్లజుట్టు కొప్పు. నవ్వు లేదు, శోకం లేదు.

"ఇక్కడ గలో బజాన్యా ఎవరు?"

డార్విన్ ఈల వేశాడు. "వేషమంటే ఇదీ బావా! బుడగల్లేవు, లిప్‌స్టిక్ లేదు. ఎంత పొందిగ్గా కట్టాడో చూడు!"

"నేనే," అన్నాడు గలో, బొమ్మకు అడ్డంగా నిలబడి. "ఏం కావాలి తల్లీ?"

"నా పేరు ఎర్మెలిండా కార్బో. మా ఆయన పోయారు. ఆయన బదులు నేను వచ్చాను."

పెరడంతా గొల్లుమంది. "అయ్యయ్యో, మీ ఆయన కూడా పోయాడా!" అని డార్విన్ గుండెలు బాదుకున్నాడు. "ఈవేళ ఊళ్లో ఎవరి మొగుడు మిగిలాడమ్మా!" దోన్ తియోఫిలో ఆ నటనకు ముచ్చటపడి ఒక నాణెం తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

ఆవిడ ఆ నాణెం వంక చూసింది. "నేను న్యాయనిర్ణేతను," అంది.

"న్యాయనిర్ణేతకు ఇంతింత మీసాలుంటాయి," అంది మారియుక్సి. "అబ్దోన్ ఆ సంగతి చెప్పకుండానే పంపాడా?" అంటూ ముందుకెళ్లి స్పాంజీల కోసం పైపైన తట్టిచూసింది. ఏమీ తగల్లేదు. చేతిసంచి లాక్కుని తెరిచింది. అందులో, పిండితే కారేలా తడిసిన చేతిరుమాలు దొరికింది. "ఇదిగో! తడిగుడ్డతో గొంతు కోయడమంటే విన్నాను గానీ చూడడం ఇదే!"

డార్విన్ కొప్పు పట్టుకుని లాగాడు. రాలేదు. "ఏం జిగురు వాడాడో అడుగు బావా, మనకు పనికొస్తుంది," అని రెండోసారి లాగబోయేసరికి గొడుగు కర్ర అతని మోకాలిచిప్ప మీద ఠంగుమంది.

"చెప్పిన మాట రెండోసారి చెప్పే అలవాటు నాకు లేదు," అందావిడ.

న్యాయనిర్ణేత వచ్చి వెళ్లేదాకా ఈ గూఢచారిని బయట తిరగనివ్వడం మంచిది కాదనుకున్నారు. ఆవిడను దోన్ తియోఫిలో పడుకునే గదిలో పెట్టి గొళ్లెం వేశారు. ఆ గది కిటికీ పెరట్లోకే ఉంది. ఆవిడ కుర్చీ చువ్వల దగ్గరికి జరుపుకుని, గొడుగు ఒళ్లో పెట్టుకుని, పెరడంతా తనదే అన్నట్టు కూర్చుంది. కాపలాకు డార్విన్ నిలబడ్డాడు.

"నీ పేరేంటి?"

"డార్విన్."

"చొక్కా గుండీ పెట్టుకో డార్విన్."

డార్విన్ పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో తనకే తెలియక బావ వంక చూశాడు.

"ఆ చంకలోది ఎవరి తల?"

డార్విన్ ఉప్పుసేనాని ప్రతాపమంతా ఏకరువు పెట్టాడు. అంతా అయ్యాక ఆవిడ, "సముద్రాలన్నీ తాగాక ఏం చేశాడు?" అంది.

డార్విన్ బుర్ర గోక్కున్నాడు. "దాహం వేసిందండీ. ఉప్పునీళ్లు కదా."

"మంచినీళ్ల ఏర్పాటు చూసుకోకుండా సముద్రం మీద పడ్డవాడు గెలుస్తాడా?"

లేదండీ అని డార్విన్ సేనాని తలను మెల్లగా నేలమీద పెట్టాడు. దోన్ తియోఫిలోకి హుషారొచ్చింది. నోటరీ కథ అందుకున్నాడు. ఆవిడ దానికీ ఒకటే ప్రశ్న వేసింది. "ఆయన సంతకాలు పెట్టించేవాడు సరే. ఎదుటివాడు కాగితం చదువుతానంటే ఏం చేసేవాడు?"

ముసలాయన వేళ్లమీద లెక్కపెట్టి చూశాడు. "ఆ నాటకంలో ఎవరూ చదవలేదమ్మా."

"నేను చదువుతాను," అందావిడ. దోన్ తియోఫిలో తన నోటరీని సేనాని పక్కన కూర్చోబెట్టాడు.

ఎంతసేపని ఊరికే కూర్చుంటుందని ఎవరూ అడక్కుండానే మారియుక్సి కాఫీ పట్టుకెళ్లింది. ఆవిడ ఒక గుక్క తాగి, కప్పు కిటికీ గూట్లో పెట్టి, దాని వంక చూస్తూ ఊరుకుంది. మారియుక్సి ఆ కప్పు తీసుకెళ్లి ఇంకోటి కలిపి తెచ్చింది. దాన్నీ అలాగే చూసింది. మూడో కప్పు అందిస్తూ మారియుక్సి అమాపోలా కథంతా, కాఫీలో కలిపే విషంతో సహా, చెప్పుకొచ్చింది.

"మీ అమాపోలా విషం కలుపుతుందన్నావు కదూ?"

"అవునండీ."

"అది కలిపినా దీనికి కొంచెం రుచి వచ్చేది."

నాలుగో కప్పు మంచి కాఫీ అయింది. ఆ ఇంట్లో అంత మంచి కాఫీ అదే మొదటిసారి. మారియుక్సి తల వంచుకుని అమాపోలాను కూడా మిగతా ఇద్దరి పక్కన చేర్చింది.

గలో జిగురు కుంచె చేతిలో పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. అతని ఒళ్లు పులకరించింది. చువ్వల వెనక బందీ అయి కూర్చుని, గొంతు పెంచకుండా, కుర్చీలోంచి లేవకుండా, ముగ్గురు విలన్లనూ వాళ్ల సైన్యాలతో సహా నేల కరిపించింది. ఇలాంటి నటుణ్ణి అబ్దోన్ ఎక్కడ పట్టుకొచ్చాడో! అసూయ పడాల్సింది పోయి గలోకి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఒరేయ్ డార్విన్, ఇలా రా," అన్నాడు గొంతు తగ్గించి. "మామయ్యా, మారియుక్సీ, మీరూ రండి. నిజం చెప్పండి. మీ ముగ్గురు విలన్లనూ, ఆ కిటికీలో ఉన్నవాణ్ణీ కలిపి ఒక కోటలో పెట్టి తలుపేస్తే ఎవరు బయటికొస్తారు?"

"అమ్మగారే," అన్నారు ముగ్గురూ. వేషం కట్టిన మగాణ్ణి అమ్మగారంటున్నామని ఒక్కరికీ తట్టలేదు.

"మరి ఆ తలే పెడదాం."

పాతికేళ్లలో గలో అంత ఒళ్లుమరిచి పనిచేయలేదు. అమాపోలా నుదురూ కనుబొమలూ కోశాడు, మారియుక్సి కళ్లు మూసుకుంది. నోటరీ బిగించిన పెదవులు కోశాడు, సేనాని దవడ కోశాడు. కిటికీలోకి చూస్తూ, జిగురు పూస్తూ, అతుకులు సరిచేస్తూ, ముక్కు మాత్రం కొత్తగా గుజ్జుతో మలిచాడు. డార్విన్ జుట్టు ఆరబెట్టే యంత్రం పట్టుకున్నాడు, దోన్ తియోఫిలో విసనకర్ర పట్టుకున్నాడు. నిచ్చెనెక్కి తల అతికించి, తెల్లకొప్పు పెట్టి, గలో కిందికి దిగి వెనక్కి నడిచి చూశాడు. మేడ ఎత్తునుంచి ఆ చూపు తనమీద పడగానే అప్రయత్నంగా తన చొక్కా గుండీ కూడా పెట్టుకున్నాడు. గెలిచామని అతనికి తెలిసిపోయింది. కమిటీ హాల్లో మూల కాదు, నడిమధ్య నిలబడుతుంది ఇది. కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు మారియుక్సి భుజానికి తగిలించుకున్న ఆవిడ చేతిసంచిలో ఫోను మోగింది.

"హలో, దోన్యా ఎర్మెలిండా?" అంది అవతల కమిటీ కార్యదర్శి గొంతు. "బజాన్యావాళ్ల వీధి చూడడం అయిందా? పాపం, మాస్టారు పోయి మూణ్ణెల్లయినా కాలేదు, ఆయన ఒప్పుకున్న పని ఆగకూడదని మీరు ఇంత ఎండలో... హలో?"

మారియుక్సి ఫోను మూసి, విన్నదంతా చెప్పింది. డార్విన్ కొప్పు లాగిన చేతిని వెనక్కి దాచుకున్నాడు. మారియుక్సి ఆ తడిరుమాలు తీసి చూసింది. పిండితే కారేలా ఎందుకు తడిసిందో అప్పుడు అర్థమై దాన్ని మడిచి మళ్లీ సంచిలో పెట్టింది. గలోకి తల చుట్టూ పెరడు తిరిగింది. ఆ తిరుగుడులో బొమ్మ మొహం ఒక్కటే కదలకుండా అతన్నే చూస్తోంది.

"ముందా తల పీకెయ్ బావా!" అన్నాడు డార్విన్.

"జిగురు పట్టేసిందిరా. పీకితే మొండెంతో సహా వస్తుంది."

"నేను ఇక్కణ్ణుంచి అంతా వింటున్నాను," అంది కిటికీ. "గొళ్లెం తీయండి."

తీశారు. ఆవిడ పెరట్లోకి వచ్చింది. గొడుగు మీద రెండు చేతులూ ఆనించి, తల వెనక్కి వాల్చి, తనకంటే మూడింతలున్న తనను ఎగాదిగా చూసుకుంది. గలో వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర మోకరిల్లాడు.

"తప్పయిపోయిందమ్మా. మీరు మగాడనుకున్నాం. ఆ రుమాలు..."

"ముక్కు పెద్దదైంది," అందావిడ.

"అవునమ్మా."

"తక్కినదంతా బాగుంది. పేట మొత్తం తిరిగాను. కొమ్ములు పెట్టారు, కోరలు పెట్టారు, దేన్నీ చూసి నాకు భయం వేయలేదు. దీన్ని చూస్తే నాకే ఇంటికెళ్లి హోంవర్కు చేయాలనిపిస్తోంది." గలో తలెత్తాడు. "అయినా బహుమతి అబ్దోన్‌కే ఇస్తాను. నా మొహానికి నేనే బహుమతి ఇచ్చుకున్నానని పేట నవ్వదూ?"

గలో అలాగే కూలబడ్డాడు. అతను చేసినవాటిలో అన్నిటికంటే గొప్పది ఇదే. ఇది కూడా బూడిదే. ఏడవకూడదనుకున్నాడు గానీ ఏడ్చాడు. మారియుక్సి పక్కన కూర్చుని అతని వీపు నిమురుతూ తానూ ఏడ్చింది. "పాతికేళ్లుగా ఒక్కటైనా ఉంచుకోవాలని చూస్తున్నాడమ్మా ఈయన," అంది.

దోన్యా ఎర్మెలిండా ఆ ఇద్దరి వంకా కొంచెంసేపు చూసింది. తర్వాత డార్విన్ తెచ్చిపెట్టిన కుర్చీలో బొమ్మకు ఎదురుగా కూర్చుంది. "బడిలో ముప్పై ఏళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశాను," అంది. "నేను నడిచొస్తుంటే వరండాలు నోరు మూసుకునేవి. ఆయన పోయిన దగ్గర్నుంచీ అందరూ నాతో గుసగుసగా మాట్లాడుతున్నారు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నారు. టాక్సీలో వస్తూ ఇక నా బతుకు ఇంతేనా అని ఏడ్చాను. ఇవాళ నా కొప్పు పట్టుకుని లాగారు, గదిలో పెట్టి గొళ్లెం వేశారు, నాకు భయపడి నాలుగుసార్లు కాఫీ కలిపారు. ప్రాణం లేచొచ్చింది."

ఆవిడ గొడుగుతో నేలమీద తట్టి మళ్లీ అంది. "సరే. నిబంధన నిబంధనే. ఓడిన బొమ్మను కాల్చాలి. చీకటి పడుతోంది. అర్ధరాత్రి దాకా ఇక్కడే కూర్చుని చూస్తాను. ఎవరు అంటిస్తారు?"

పన్నెండు కొట్టేసరికి గలో అగ్గిపెట్టె తీసి డార్విన్‌కు ఇచ్చాడు. డార్విన్ బొమ్మ మొహం చూశాడు, కుర్చీలో ఉన్న మొహం చూశాడు, తనకు మోకాలు నొప్పిగా ఉందని చెప్పి అగ్గిపెట్టె దోన్ తియోఫిలో చేతిలో పెట్టాడు. ముసలాయనకు ఉన్నట్టుండి చేతులు వణకడం గుర్తొచ్చింది. మారియుక్సి పొయ్యిమీద ఏదో మాడుతోందని లోపలికి పరుగెత్తింది. వీధివాళ్లందరూ పోగయ్యారు. అగ్గిపెట్టె చేతులు మారి మారి, పక్కింటి బేకరీవాడిదాకా వెళ్లి, తిరిగి గలో దగ్గరికే వచ్చింది.

"ఊఁ, కానివ్వండి," అంది దోన్యా ఎర్మెలిండా. "నేనేమీ అనుకోను."

ఆ మాట అన్న తీరుకు ముందు వరసలోని జనం రెండడుగులు వెనక్కి వేశారు.

అబ్దోన్ కొమ్ముల రాక్షసుణ్ణి మర్నాడు కమిటీ హాల్లోకి మోసుకెళ్లారు. వారం తిరక్కుండా వాడి కొమ్ముకు ఎవరో గొడుగు తగిలించారు. గలో బొమ్మ మాత్రం ఆ పెరట్లోంచి వీధి వంక చూస్తూ నిలబడే ఉంది. వాన రాకుండా పైన రేకులు వేశారు. దోన్యా ఎర్మెలిండా ఆదివారం ఆదివారం వచ్చి, మంచి కాఫీ తాగి, ముక్కు ఇంకా తగ్గించలేదేమని గలోను కోప్పడి వెళ్తుంది. గలో రోజూ పొద్దున లేచి బొమ్మకు దుమ్ము దులుపుతాడు, ఆ ఒక్కదాన్నీ చూసుకుని మురిసిపోతాడు.

ఊరంతా కొత్త సంవత్సరం వచ్చింది గానీ, ఆ వీధిలో పాతదే నడుస్తోంది. దాన్ని పొమ్మని చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.